జీడి అంటిన చేతులు

నర్సు ట్రైనింగు పూర్తి చేసి నేను చేరిందీ, చివరిదాకా ఉన్నదీ ఒకటే చోటు. నర్సీపట్నంలో ఒక ట్రస్టు వాళ్ళు నడిపిన చిన్న ఆసుపత్రి అది. ముందు వరండా, వరండాలో బెంచీలు, లోపల డాక్టరుగారి గది, మందుల గది, వెనకవైపు డ్రెస్సింగు గది. ఆ వెనక గది నాది. మా పుట్టిల్లు యలమంచిలి. మా ఆయన నర్సీపట్నంలోనే బస్సుల మెకానిక్కు. అందువల్ల ఊరు మారే అవసరం మాకెప్పుడూ రాలేదు.

డ్రెస్సింగు గదిలో కొన్నాళ్ళు పనిచేశాక, గాయాన్ని చూడగానే మనిషి ఏం పని చేస్తాడో తెలిసిపోయేది. చెరకు కొట్టేవాళ్ళకి ముంగాలి మీద కత్తి దెబ్బ. బెల్లం వండేవాళ్ళకి మోచేతుల మీద పాకం చిందిన మచ్చలు. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళకి వేళ్ళు నల్లగా, తోలు లేచిపోయి ఉండేవి. వాళ్ళు చాలా అరుదుగా వచ్చేవారు. ఆ నలుపూ, ఆ మంటా పనిలో భాగమే అనుకునేవారు తప్ప, ఆసుపత్రికి వెళ్ళాల్సిన విషయం అనుకునేవారు కాదు.

ఆమె వచ్చింది తొంభైల మధ్యలో ఒక వేసవి. మాకవరపాలెం వైపు పల్లె. నాకంటే కొంచెం పెద్దది, సన్నగా, పొడుగ్గా ఉండేది. కుడిచేతి మూడు వేళ్ళ మీద బొబ్బలు చితికి ఉన్నాయి. అవి పాతబడి లోపల చీము పట్టాయి. చచ్చిన తోలు కత్తిరించి మందు పోసి కడుగుతుంటే మామూలుగా ఎవరైనా బల్ల అంచు పట్టుకుని పళ్ళు బిగిస్తారు. ఆమె మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ పక్కింటోలు మునగసెట్టు కొట్టేసినట్టున్నారే. పోయినసారి మా అత్తనట్టుకుని వచ్చినప్పుడు ఉంది" అంది.

నేను చేతిలో కత్తెర ఆపేశాను.

"కళ్ళు మూసుకోమ్మా" అన్నాను. మూసుకుంది. పెన్ను మొనతో ఆమె చిటికెనవేలు మీద నొక్కాను. "ఎక్కడ ముట్టుకున్నానో చెప్పు."

"ముట్టుకున్నారేటి?" అంది కళ్ళు తెరవకుండానే.

అప్పుడు సరిగ్గా చూశాను. చిటికెనవేలూ, ఉంగరపువేలూ లోపలికి వంగిపోయి ఉన్నాయి. బొటనవేలి పక్కన కండ కరిగిపోయి గుంట పడింది. నేను అడగకముందే ఆమే చెప్పేసింది. "పెద్దరోగమే సిస్టరమ్మా. పోనాది. పేకెట్ల మందు ఇంటికి తెచ్చి ఇచ్చీవోరు. ఒక్క పూట మానకుండా మింగీసేను. ఇంక నీకు రోగం నేదని సెప్పీసేరు. రోగమైతే పోనాది గానీ, సెయ్యి ఎనక్కి రాలేదు."

ఆమె చెప్పింది నిజమే. మందు వాడాక ఆ కుష్ఠు పూర్తిగా నయమైంది, ఎవరికీ అంటదు. కానీ అంతకుముందే చచ్చిపోయిన నరాలు తిరిగి బతకవు. వేడి తెలియదు, నొప్పి తెలియదు. ఆమె పని ఏమిటంటే బట్టీలో పెనం మీద వేగిన జీడిపిక్కల్ని వేడివేడిగా తీసుకుని చెక్కతో కొట్టి, డిప్ప తీసి, లోపలి పప్పు విరక్కుండా బయటికి లాగడం. మిగతా ఆడవాళ్ళు కాలితే చెయ్యి వెనక్కి తీసుకుంటారు. ఆమె తీసుకోదు. పైగా ఆ డిప్పలోని జీడినూనె తోలుని తినేస్తుంది.

"మరి కాలిందని ఎలా తెలుస్తుంది నీకు?"

"మా అత్తకి కంపొత్తాది" అంది.

భర్త ఆమెకి రోగమని తేలగానే వెళ్ళిపోయాడట. ఎక్కడో ఇటుక బట్టీల వైపు పనికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అత్త మాత్రం కొడుకు వెనక పోలేదు, కోడలి దగ్గరే ఉండిపోయింది. సాయంత్రం కోడలు ఇంటికి రాగానే ముసలావిడ ఆ రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. జీడి వాసనలో కాలిన తోలు వాసన వేరే తెలుస్తుందట. పొయ్యి దగ్గర గిన్నె దించడానికి కూడా కోడల్ని పోనిచ్చేది కాదు.

ఆ వేసవంతా ఆమె వస్తూనే ఉంది. ఒక వేలు మానేసరికి ఇంకో వేలు కాలేది. కట్టిన కట్టు మర్నాటికే నల్లగా, నూనెతో తడిసి వచ్చేది. డాక్టరుగారు మంచివారు, అప్పటికే తల నెరిసినవారు. ఆమెను పిలిపించి, "నువ్వు ఆ బట్టీ పని మానెయ్యాలమ్మా. లేకపోతే వేళ్ళు పోతాయి" అన్నారు.

ఆమె మెల్లగా మాట్లాడే రకం కాదు. "మానెయ్యమంతే మానెత్తాను బాబూ. రేపటికాడ్నుంచి మీరు కూడెడతారా? నాకొక్కదానికే కాదు, మా అత్తకి కూడా ఎట్టాల. అది బానే తింతాది" అంది. వరండాలో కూర్చున్న వాళ్ళందరూ వినేలా అంది. డాక్టరుగారు మందుల చీటీ రాసిచ్చారు. ఆమె ఆ చీటీ బెంచీ మీదే వదిలేసి వెళ్ళిపోయింది. తర్వాత రాలేదు.

కొన్ని వారాల తర్వాత ముసలావిడ ఒక్కతే వచ్చింది. వంగిపోయిన నడుము, చేతిలో గుడ్డసంచి. కోడలికి కట్టు కట్టడం నేర్పమని నన్నడిగింది.

"అది రాదమ్మా. పంతం. నువ్వు నాకు సూపించు, నానే కడతాను. సేయి వాసినాది. సూడ్డానికి బాగునేదు."

చూపించాను. కానీ ఆవిడ చేతులు వణుకుతున్నాయి, కళ్ళకి పొరలు. గుడ్డ చుట్టడమే కుదరలేదు. డాక్టరుగారికి చెబితే, "నువ్వే ఒకసారి వెళ్ళి చూసిరా" అన్నారు. అలా మొదటిసారి డ్రెస్సింగు గది వదిలి, సామాన్లు ఒక సంచిలో వేసుకుని, ముసలావిడతో మాకవరపాలెం బస్సెక్కాను. దిగాక మామిడితోటల మధ్య మట్టిరోడ్డున చాలాసేపు నడిచాం. ముసలావిడ నాకంటే ముందు నడిచింది.

బట్టీ ఊరి చివర ఒక రేకుల కొట్టం. లోపల కళ్ళు తెరవలేనంత పొగ. ఆడవాళ్ళు వరసగా కూర్చుని, పక్కన బూడిద కుప్ప పెట్టుకుని, చేతులు అందులో ముంచుతూ పిక్కలు కొడుతున్నారు. ఆమె వాళ్ళతో కలిసి లేదు. గుమ్మం బయట, ఎండలో, ఒక్కతే గోనెసంచి మీద కూర్చుని కొడుతోంది. నన్ను చూసి, "ఓలమ్మా, ఆసుపత్రి నడిసొచ్చీసినాదే" అంది. అంది గానీ చెయ్యి చాపింది. అక్కడే, ఆ గోనె మీదే కూర్చుని కట్టు కట్టాను.

తిరిగి వచ్చేటప్పుడు ఊరి బడి వరండాలో ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో కుర్చీలో ఒకామె. మండలం ఆఫీసు నుంచి వచ్చే గ్రామసేవిక. అప్పట్లో పల్లెపల్లెకీ పొదుపు సంఘాలు పెట్టిస్తున్న రోజులు. నా చేతిలో సంచి చూసి ఆమె లేచి వచ్చింది. ఎవరి కోసం వచ్చానో చెప్పాను.

"ఆవిడ కోసమా? ఆవిడ్ని సంఘంలో చేర్పించాలని నేను చూస్తూనే ఉన్నానండీ. మిగతావాళ్ళు ఒప్పుకోవట్లేదు" అంది. "సంఘంలో ఉంటే ఇంకో పని ఏదైనా చూపించొచ్చు. కానీ రోగం పేరెత్తితే నాకు జవాబు రాదు. అంటదు అని నేను చెబితే, నువ్వేమైనా డాక్టరువా అంటారు."

"పని మానెయ్యమని మా డాక్టరుగారు చెబితే, కూడెవరు పెడతారంది. దానికి మాకు జవాబు రాలేదు" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె ఆఫీసుకీ మా ఆసుపత్రికీ మధ్య బస్సులో ఎంతో దూరం లేదు. ఇద్దరికీ అదే పల్లె, అదే మనిషి తెలుసు. అయినా అంతకుముందు ఒకరినొకరు చూసిన గుర్తు లేదు. మళ్ళీ సంఘం కూర్చునే రోజు నేనూ రావాలని అనుకున్నాం.

నేను బాగా సిద్ధమై వెళ్ళాను. రోగం ఎలా వస్తుంది, ఎలా పోతుంది, ఎందుకు అంటదు, అన్నీ మామూలు మాటల్లో చెప్పాను. ఆడవాళ్ళు విన్నారు. సంఘం లీడరు గట్టి మనిషి. రెండెకరాల చెరకు తనే చూసుకునేది, ఎవరికీ భయపడేది కాదు. నేను చెప్పడం అయ్యాక ఆమె అంది.

"సిస్టరుగోరూ, మీరు సెప్పినాది మాకు ముందే తెలుసండీ. మందులిచ్చినోలు సెప్పే ఎల్లేరు. మాకు దాని రోగంతో పేసీ నేదు. దాని నోటితోనే. బోరింగుకాడ నా బిందె తన్నీసి, నన్ను నానా మాటలూ అన్నాది. దాంతో సాప మీద కూకోమంతే నాను కూకోను."

కొందరు నవ్వారు. వెనక నుంచి ఒకామె మాత్రం, "రోగం కూడా ఉంది గదా" అని గొణిగింది. అంటే రెండూ ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఉంది.

సంచి సర్దుకోబోయాను. అప్పుడు ఆ గొణిగినామే నా ముందుకు తన చేతులు చాపింది. "దాని సేతుల కోసం ఊర్లోకొచ్చేరు. మరి మా సేతులో? ఇవెవులు సూత్తారు?"

చూశాను. అరచేతులు నల్లగా మాడినట్టున్నాయి. గోళ్ళ చుట్టూ చీము. వేళ్ళ సందుల్లో పగుళ్ళు, వాటిలోంచి రసి. ఒక్కొక్కరే చేతులు తెచ్చి చూపించారు. ఒకామె ఈ చేతులతో పసిబిడ్డకి ఒళ్ళు రుద్దలేక తన తల్లిని పిలిపించుకుందట. ఇంకొకామె కారం తగిలితే ఓర్చుకోలేక కూరల్లో కారం మానేసింది. ఆసుపత్రికి ఎందుకు రాలేదని అడిగితే, "పని మానీసి వత్తే ఆ పూట పోతాది. వత్తే మీరేటంతారు? పని మానెయ్యమంతారు" అన్నారు.

ఆ సాయంత్రం తిరిగొచ్చి డాక్టరుగారికి ఇదంతా చెప్పాను. సంఘం కూర్చునే రోజున నేను అక్కడికే వెళ్తానని అడిగాను.

"మనది ఆసుపత్రా, మహిళా మండలా?" అన్నారాయన.

"వాళ్ళు అక్కడే దొరుకుతారండీ. ఇక్కడికి రారు. పని పూట కాకుండా వాళ్ళు ఒకచోట కూర్చునేది ఆ ఒక్కసారే."

అప్పుడాయన "సరే. నేనూ వస్తాను. నాకూ చూడాలనుంది" అన్నారు. మూడో వారం నిజంగానే వచ్చారు, స్కూటరు మీద, ముందు మందుల డబ్బా పెట్టుకుని. ముసలావిడ కోడలు దారిలో ఆయన్ని చూసి, "కూడట్టుకొచ్చేరా బాబూ?" అంది. ఆయన ఈసారి నవ్వారు.

మొదట మేం చేసిన పనులు సగం చెడిపోయాయి. రబ్బరు గ్లవుజులు తెప్పించాం. పిక్క జారిపోతోందని, పప్పు విరిగిపోతోందని ఆడవాళ్ళు రెండోరోజే తీసి చూరులో పెట్టేశారు. విరిగిన పప్పుకి కూలి తగ్గిపోతుంది, వాళ్ళ తప్పు కాదు. చివరికి పనిచేసింది చాలా చిన్న సంగతి. పనిలో కూర్చునే ముందు చేతికి ఆముదం బాగా పట్టించి, ఆపైన బూడిద అద్దుకోవడం, అయ్యాక మళ్ళీ ఆముదంతో తుడిచి సబ్బుతో కడగడం. బూడిద వాళ్ళకి ముందే అలవాటు. ఆముదం మాత్రం కొనలేక ఎప్పుడో మానేశారు. బట్టీ నడిపే షావుకారు దగ్గర గ్రామసేవిక కూర్చుని మాట్లాడి బట్టీలోనే ఆముదం డబ్బా పెట్టించింది. నీళ్ళ తొట్టీ, సబ్బూ కూడా పెట్టించింది. పొగ పోవడానికి పైరేకు లేపించింది. ఆ పనులు నేను చేయలేను. నేను కట్టే కట్లు ఆమెకి కట్టడం రాదు. కొన్ని వారాలకి గోళ్ళ చుట్టూ చీము తగ్గింది. పసిబిడ్డ తల్లి తన బిడ్డకి తనే ఒళ్ళు రుద్దుకుంది.

కానీ ముసలావిడ కోడలి సంగతి తేలలేదు. ఆముదం పట్టించినా వేడి తెలియని చెయ్యి కాలుతూనే ఉంటుంది. పప్పుని గుండు, బద్ద, ముక్క అని ఏరి వేరుచేసే పని ఉంది. దానికి కళ్ళు చాలు, వేడి లేదు, జీడి లేదు. ఆమెను ఆ పనిలో పెట్టమని గ్రామసేవికా, డాక్టరుగారూ, నేనూ వెళ్ళి షావుకారుని అడిగాం. ఆయన మర్యాదగా కుర్చీలు వేయించి కూర్చోబెట్టాడు.

"మీరు సెప్పినాది నాను కాదననండీ. కానీ అది తినే సరుకు. ఆమె సెయ్యి పడినాదని ఒక్కడు బయట అన్నాడంతే నా పప్పు ఎవుడూ కొనడు. ఇన్నాళ్ళూ ఆమెను బయట కూకోబెట్టి పని ఇచ్చినోడ్ని నానొక్కడినే. అదీ మీరు సూడాల."

డాక్టరుగారు తనకి తెలిసిందంతా చెప్పారు. షావుకారు అన్నిటికీ తలూపాడు, ఒప్పుకోలేదు. ఆమె గుమ్మం బయట గోనె మీదే ఉంది, అన్నీ వినబడే దూరంలో. నేను బయటికి వచ్చేసరికి తల వంచుకుని పిక్కలు కొడుతోంది. ఏదో ఒకటి అంటుందని చూశాను. ఏమీ అనలేదు. ఆమె మాట్లాడకుండా ఉండడం నాకు తెలిసి అదే మొదటిసారి.

ఆ వానాకాలం ఆమె చూపుడువేలు పాడైపోయింది. లోపల ఎముకకి చీము పట్టి, చెయ్యి మోచేతిదాకా వాచి, జ్వరంతో పడిపోయింది. విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి అన్నారు డాక్టరుగారు. ఉత్తరం రాసిచ్చారు. తోడు ఎవరు వెళ్తారు? ముసలావిడ వెళ్ళలేదు. నేను ఒక రోజు వెళ్ళగలను, ఉండలేను. గ్రామసేవిక సంఘంలో ఈ మాట పెట్టింది. తలా ఒక అడ్డంకి చెప్పారట. చివరికి లీడరే లేచి, "మా తమ్ముడు అక్కడే ఉన్నాడు. నాకు దారి తెలుసు. నానెల్తాను" అందట.

మరునాడు ముగ్గురం బస్సులో వెళ్ళాం. కిటికీ పక్కన ఆమె, మధ్యలో నేను, ఇవతల లీడరు. ఆమెకి ఒళ్ళు కాలిపోతోంది, అయినా నోరు ఊరుకోలేదు.

"బిందె నాను తన్ననేదు. కాలు తగిలినాది. నా కాలికి కూడా తెలీదు గదా, ఏటి తగిలినాదో" అంది నా మీదుగా.

లీడరు టికెట్లు కొంగున ముడేసుకుంది. అనకాపల్లి దాటాక, "మరి ఆ మాట అప్పుడే సెప్పొచ్చు గదే. తిట్టడమెందుకు?" అంది.

"నువ్వు ముందు తిట్టినావు."

"నాను బిందె సొట్టడిపోనాదని ఏడిసేను. నిన్ను తిట్టనేదు."

విశాఖ చేరేదాకా అదే నడిచింది. నేను మధ్యలో కూర్చుని విన్నాను. కాలికి కూడా స్పర్శ లేదని ఆమె ఇంతకాలం నాకు చెప్పనేలేదు. ఆసుపత్రిలో చేర్పించాక మొదట ఆమె పాదాలు చూశాను. మడమ దగ్గర పగుళ్ళే ఉన్నాయి. పుండు ఇంకా పడలేదు. మెత్తటి అడుగుతో చెప్పులు చేయించాలని రాసుకున్నాను.

వేలు తీసేశారు. చెయ్యి నిలిచింది. లీడరు అక్కడే ఉండి, తమ్ముడింటి నుంచి కేరేజీ తెచ్చి అన్నం పెట్టి, చెయ్యి వాడకుండా కాపలా కాసింది. ఇక్కడ పల్లెలో సంఘం ఆడవాళ్ళు పూటకొకరు ముసలావిడకి అన్నం పంపించారు. ముసలావిడ ప్రతి ఇంటి కూరకీ వంక పెట్టిందని, ఉప్పు చాలలేదని ఒకరికి కబురు కూడా పంపిందని తర్వాత నాకు నవ్వుతూ చెప్పారు.

ఆ రోజుల్లోనే గ్రామసేవిక, డాక్టరుగారు కలిసి పింఛను సంగతి చూశారు. వికలాంగుల పింఛనుకి డాక్టర్ల సర్టిఫికెట్టు కావాలి. ఆ సర్టిఫికెట్టు ఎక్కడ, ఏ రోజున ఇస్తారో మాకు తెలుసు. ఆఫీసులో కాగితం ఎవరి బల్ల మీద ఆగుతుందో ఆమెకి తెలుసు. ముసలావిడకి వయసు పింఛను ఎప్పుడో రావాల్సింది, అడిగేవాళ్ళు లేక రాలేదు. రెండూ కలిపి నడిపించారు. ముసలావిడకి బేగి వచ్చింది. కోడలిది ఆలస్యమైంది, కానీ వచ్చింది.

పింఛను వచ్చిందని ఆమె సంతోషించిందా అంటే, అంతగా కాదు. "కూకోబెట్టి తినబెడితే నాకు పిచ్చెక్కుతాది" అనేది. చెయ్యి మానాక ఆమెను సంఘంలో చేర్చుకున్నారు. చేర్చుకుందాం అన్నది లీడరే. ఒకరిద్దరు అప్పుడు కూడా చాప అంచునే జరిగి కూర్చునేవారు. అది ఒక్కసారిగా పోలేదు, మెల్లమెల్లగా పోయింది.

ఆ మరుసటి వేసవికి సంఘం ఒక పని మొదలుపెట్టింది. కొండ మీద నుంచి గిరిజనులు సంతకి జీడిపిక్కలు దించుతారు. వాటిని సంతలో కొని, ఎండబెట్టి, బట్టీలకి అమ్మడం. పచ్చి పిక్క డిప్పలోనే ఉంటుంది, వేడి లేదు, నూనె బయటికి రాదు, తినే సరుకని ఎవరూ పేచీ పెట్టరు. సంతలో కూర్చుని బేరం ఎవరు చేస్తారు అంటే అందరూ ఆమె వైపు చూశారట. సంతలో దళారీలతో నెగ్గుకురావాలంటే నోరుండాలి.

ఒకసారి గొలుగొండ వైపు సంతలో ఆమెను చూశాను. తలకి గుడ్డ చుట్టుకుని, మేం చేయించిన మెత్తటి చెప్పులతో, గోనె పరిచి కూర్చుంది. పిక్కల్ని రెండు చేతుల్లోకీ తీసుకుని ఆడించి, చప్పుడు విని పుచ్చు ఎంతుందో చెప్పేస్తోంది. ఒక దళారీ కాటా దగ్గర ఏదో మోసం చేయబోతే, ఆమె అన్న మాటలకి సంతంతా తిరిగి చూసింది. నేను పక్కకి వెళ్ళి నిలబడితే, "సిస్టరమ్మా, సేతులు సూత్తారా? ఇయ్యాల బానే ఉన్నాయి. రేతిరి మా అత్త సూసినాది" అంది.

ఇదంతా ప్రతి చోటా ఇలాగే కుదిరిందని చెప్పను. ఈ పల్లెని చూసి పక్క పల్లెలోనూ సంఘం రోజున ఆసుపత్రి పెట్టాం. అక్కడ లీడరుకీ సంఘం లెక్కలు చూసే ఆమెకీ పడక అది ఏడాది తిరక్కుండా ఆగిపోయింది. ఇంకో చోట ఆడవాళ్ళు వచ్చేవారు గానీ, వచ్చినామెకి తాగుబోతు మొగుడు కొట్టిన దెబ్బలుంటే కట్టు కట్టడం తప్ప మాకేం చేయాలో తెలిసేది కాదు. గ్రామసేవిక వెళ్ళి మాట్లాడేది. ఒక్కోసారి పనిచేసేది, ఒక్కోసారి ఆ దెబ్బలు ఇంకా పెరిగేవి. కొన్నేళ్ళకి ఆమెకి పాయకరావుపేట వైపు బదిలీ అయ్యింది. తర్వాత వచ్చినాయనకి ఈ పల్లెల్లో తిరగడం ఇష్టం ఉండేది కాదు. ఆయన చేత పని చేయించుకోవడం మా సంఘం ఆడవాళ్ళే నేర్చుకున్నారు. పదిమంది కలిసి మండలం ఆఫీసు మెట్ల మీద కూర్చునేవారు. ఆయన లోపలికి పిలవక తప్పేది కాదు.

ముసలావిడ రెండువేల సంవత్సరం దాటాక ఒక చలికాలంలో పోయింది. పోయేముందు కళ్ళు బొత్తిగా కనబడేవి కావు. అయినా సాయంత్రం కోడలి చేతులు పట్టుకుని చూడడం మానలేదట. దినాలకి కొడుకు వచ్చాడు. ఆమె అతనితో మాట్లాడలేదు, అడ్డమూ పెట్టలేదు. చేయాల్సినవి చేసి అతను వెళ్ళిపోయాడు. నేను పరామర్శకి వెళ్తే ఆమె ఇల్లు ఊడుస్తోంది. కుడిచేతికి గుడ్డ చుట్టుకుని ఉంది. ఏమైందని కంగారుగా అడిగాను.

"ఏటీ అవనేదు. ఇంక సూసీవోలు నేరు గదా, ముందే సుట్టుకుంతన్నాను" అంది. తర్వాత చీపురు గోడకి ఆనించి, గుమ్మంలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నేను పక్కనే కూర్చున్నాను. లీడరు టీ పెట్టి తెచ్చింది. వేడిగా ఉందని ముందు తనే గ్లాసు పట్టుకుని చూసి, చల్లారాక ఆమెకి ఇచ్చింది.

నాకు కాళ్ళ నొప్పులు వచ్చి పల్లెలు తిరగడం తగ్గించాక, కొత్తగా చేరిన సిస్టరు ఆ పని తీసుకుంది. చురుకైన పిల్ల. ఒక రోజు ఆమె గాభరాగా నా గదిలోకి వచ్చి, "మేడం, మాకవరపాలెం వైపు నుంచి ఎవరో వచ్చి వరండాలో డాక్టరుగారితో దెబ్బలాడుతున్నారు" అంది.

వెళ్ళి చూస్తే ఆమే. వెనక సంఘం ఆడవాళ్ళు నలుగురైదుగురు. కొత్త సిస్టరు తనకి వీలుగా ఉంటుందని పల్లెకి వచ్చే రోజు మార్చిందట. ఆ మార్చిన రోజు సంత రోజు.

"సంతకెల్లమంతారా, సేతులు సూపించుకోమంతారా? రెండూ ఒక్క రోజే ఎడితే ఏది మానీయాల? మీరే సెప్పండి బాబూ" అంటోంది.

డాక్టరుగారు అప్పటికి బాగా ముసలివారు, కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకునేవారు. ఆమె చెప్పిందంతా విని, కొత్త సిస్టరు వైపు చూసి, "రోజు మార్చమ్మా" అన్నారు.

"ఏ రోజుకి మార్చమంటారండీ?" అని ఆ పిల్ల ఆయన్నడిగింది.

"నన్నడుగుతావేం? వాళ్ళనడుగు" అన్నారాయన.

ఆడవాళ్ళు వరండాలోనే బెంచీల మీద సర్దుకుని కూర్చుని, చెరకు పని ఎప్పుడు, బట్టీకి సెలవెప్పుడు, పిల్లలకి అన్నం పెట్టే వేళెప్పుడు అని చాలాసేపు వాదించుకున్నారు. కొత్త సిస్టరు వాళ్ళ మధ్య స్టూలు వేసుకుని కూర్చుంది. లోపల ఒక చెరకు కూలీ కాలు తెగి వచ్చి నా కోసం ఎదురుచూస్తున్నాడు. నేను వెళ్ళి అతని కట్టు మొదలుపెట్టాను.